జీతం టైముకే పడుతోంది, అయినా పనిలో మనసు పెట్టలేకపోతున్నాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 38 ఏళ్లు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌లో 9 ఏళ్లుగా పనిచేస్తున్నాను. క్యాష్‌లెస్ పేషెంట్ల, అంటే బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టేవాళ్ల, కాగితాలు కంపెనీకి పంపడం, కంపెనీవాళ్లు అడిగే క్వెరీలకు జవాబులివ్వడం, డిశ్చార్జ్ రోజు ఫైనల్ అప్రూవల్ తెప్పించడం నా పని. పోయిన ఏడాది ఏ ఆపరేషన్‌కు ఏ కాగితాలు కావాలో ఒక షీటు తయారుచేసి ప్రతి వార్డులో అంటించాను. దాంతో క్వెరీలు బాగా తగ్గాయి. మొన్న నెలవారీ మీటింగ్‌లో మా ఎండీ గారు, ఆరు నెలల కింద చేరిన ఆపరేషన్స్ మేనేజర్‌ను లేపి "మీరొచ్చాక క్లెయిమ్‌లు దారిలో పడ్డాయి" అని అందరిచేత చప్పట్లు కొట్టించారు. ఆయన థాంక్యూ సర్ అని కూర్చున్నారు. నేను మూడో వరసలో ఉన్నాను. ఆ మేనేజర్ నన్ను పేరుతో పిలవరు, "ఇన్సూరెన్స్, ఇటు రండి" అంటారు. గుడ్ మార్నింగ్ చెప్తే ఫోన్లోంచి తలెత్తరు. అందరి పుట్టినరోజులకూ కేక్ కోస్తారు, ఈసారి నాది మర్చిపోయారు. మావారేమో "ఒకటో తారీఖుకు జీతం పడుతోంది కదా, చిన్న చిన్నవన్నీ మనసులో పెట్టుకుంటావు" అంటారు. ఇదివరకు చివరి పేషెంటు ఇంటికి వెళ్లేదాకా ఉండేదాన్ని. ఇప్పుడు ఆరు కొట్టగానే బ్యాగు తీసుకుంటున్నాను. పోయిన వారం ఒక పెద్దాయన, కొడుకు డిశ్చార్జ్ కోసం నా డెస్క్ ముందు కూర్చుని ఉండగానే లేచి వచ్చేశాను. వాళ్లు రాత్రి పదిన్నర దాకా అక్కడే ఉన్నారని మర్నాడు ఫైళ్లు తెచ్చే ఆయా చెప్పింది. ఒక్క డాక్టర్ సంతకం తక్కువైందట. నేనుంటే ఓటీ (ఆపరేషన్ థియేటర్) దాకా వెళ్లి పెట్టించుకొచ్చేదాన్ని. అప్పటినుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది. నేను నిజంగా ఎక్కువ ఊహించుకుంటున్నానా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఆ పెద్దాయన దగ్గర. కేక్, గుడ్ మార్నింగ్, చప్పట్లు అన్నీ రాశారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆయన ఆ కుర్చీలో పదిన్నర దాకా కూర్చోవడమే అని నాకు అర్థమైంది. కాబట్టి ముందు మీరడిగిన దానికి జవాబు చెప్పేస్తాను. మీరు ఎక్కువేమీ ఊహించుకోవడం లేదు. మీరు చెడ్డవాళ్లు అయిపోవడం కూడా లేదు. చెడిపోతున్నది మీకూ మీ పనికీ మధ్య ఉన్న సంబంధం, అది మీ తప్పు వల్ల మొదలవ్వలేదు, అలాగని దాన్ని అలా వదిలేయడానికీ లేదు.

నేను 34 ఏళ్లు ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, చివరి పదకొండేళ్లు బ్రాంచ్ మేనేజర్‌ని. ఈ విషయం గురించి నాకు తెలిసినదంతా మీ వైపు కుర్చీలో కూర్చుని నేర్చుకున్నది కాదు, మీ మేనేజర్ వైపు కూర్చుని నేర్చుకున్నది. అందుకని నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను.

2016 నవంబర్ 8 రాత్రి పాత ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు కదా. 9న బ్యాంకులు మూసేసి 10న తెరిచాం. మా బ్రాంచ్ మండల కేంద్రంలో, పొద్దున ఐదింటికే లైను రోడ్డు దాటిపోయేది. ఆ శని, ఆదివారాలు కూడా తెరిచే ఉంచాం. మార్చుకోవడానికి మొదట 4,000 అన్నారు, తర్వాత 4,500 అన్నారు, ఆ తర్వాత 2,000 అన్నారు, మధ్యలో వేలికి సిరా పూయమన్నారు, ప్రతి మార్పునూ కౌంటర్ అవతల ఉన్న జనానికి చెప్పి తిట్లు తినాల్సింది మాత్రం క్యాషియరే. మా హెడ్ క్యాషియర్‌కు అప్పటికి 58 ఏళ్లు. ఆయన టిఫిన్ బాక్స్ సాయంత్రం నాలుగున్నర దాకా మూత తీయకుండా లెక్కపెట్టే మెషిన్ పక్కనే ఉండేది. మెషిన్ వేడెక్కి ఆగిపోతే చేత్తో లెక్కపెట్టేవారు, తడిపి తడిపి బొటనవేలి చర్మం ఊడొచ్చింది, దానికి ప్లాస్టర్ చుట్టుకుని మళ్లీ లెక్కపెట్టారు. ఒక రాత్రి 6,500 తక్కువొచ్చింది. బ్యాంకుల్లో క్యాష్ షార్ట్ వస్తే క్యాషియర్ జేబులోంచే కట్టాలి. ఆయన కట్టారు, నాకు చెప్పి కట్టారు, ఇంట్లో చెప్పలేదని తర్వాత తెలిసింది.

జనవరిలో రీజనల్ ఆఫీసు నుంచి పెద్దాయన వస్తే బ్రాంచ్‌లో చిన్న మీటింగ్ పెట్టాం. కష్టపడినవాళ్ల పేర్లు నేను ముందురోజు రాత్రి కాగితం మీద రాసుకున్నాను, కొట్టివేతలు ఎక్కువైతే పొద్దున్నే ఇంకో కాగితంలోకి ఎత్తి రాశాను. అందులో ఆయన పేరు జారిపోయింది. డిపాజిట్ల ఆఫీసర్‌కు శాలువా కప్పాం, గార్డుకు కప్పాం, ఏటీఎంలో డబ్బులు పెట్టే ఏజెన్సీ కుర్రాళ్లకు కూడా కృతజ్ఞతలు చెప్పాను. ఆయన క్యాష్ క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టారు. నాకు తెలియనే లేదు.

ఆయన పోట్లాడలేదు, ముఖం మాడ్చుకోలేదు, ఒక్కరోజు సెలవు పెట్టలేదు. మారిందల్లా ఏమిటంటే, అంతకుముందు చిరిగిన నోటు తెచ్చిన ముసలమ్మలను కూర్చోబెట్టి మార్చి ఇచ్చే మనిషి "రూల్ ప్రకారం సోమవారం రండి" అనడం మొదలుపెట్టారు, కౌంటర్ నాలుగంటే సరిగ్గా నాలుగింటికే మూసేశారు. రెండు నెలల తర్వాత పెన్షన్‌కు వచ్చే ఒకావిడ నా క్యాబిన్‌లోకి వచ్చి "క్యాషియర్ సారుకు ఒంట్లో బాగోలేదా అమ్మా, మునుపటిలా మాట్లాడటం లేదు" అని అడిగితే అప్పుడు వెనక్కి ఆలోచించి ఆ కాగితం దగ్గరికి వచ్చాను. వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన నోట్ల కట్ట మీంచి చూపు తిప్పకుండా "పోనీలెండి మేడమ్, చిన్న విషయం" అన్నారు.

మీవారన్న మాట, ఆయనన్న మాట ఒక్కటే చూడండి. చిన్న విషయమా కాదా అన్నది చేసినవాళ్లు తేల్చేది కాదు. నాకది ఒక పేరు, రెండు సెకన్లు. ఆయనకది బొటనవేలు, 6,500 రూపాయలు, యాభై రోజుల తిట్లు, వాటన్నిటికీ కలిపి ఏమొచ్చిందో తెలిసిన రోజు. ఆ తర్వాతి స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ "ఆ రోజు ఫలానా సారు పేరు చదవలేదు, తప్పు నాది" అని చెప్పాను. కొంత తేలికపడ్డారు, కౌంటర్ దగ్గర మాటలు మళ్లీ వినిపించాయి. అయితే పూర్తిగా మునుపటి మనిషి కాలేదు, రెండేళ్లకు రిటైరైపోయారు కూడా. దిద్దుకున్నాను గానీ ఆలస్యంగా దిద్దుకున్నాను, అది ఇప్పటికీ నన్ను వదలదు.

మీవారిని నేనేమీ అనను. జీతం ఒక నెల ఆగితే ఇంట్లో ఏమవుతుందో తెలిసిన మనిషి కాబట్టే ఆ మాట అన్నారు. అయితే జీతం చేసే పని వేరు, గుర్తింపు చేసే పని వేరు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లనూ అకౌంటెంట్లనూ కూర్చోబెట్టి, ఉద్యోగంలో మీకు చాలా సంతోషమనిపించిన రోజేది, చాలా బాధపడిన రోజేది అని అడిగారు. అది 1959లో పుస్తకంగా వచ్చింది. సంతోషపడిన రోజుల గురించి చెప్పమంటే వాళ్లు ఎక్కువగా చెప్పినవి చేసి చూపించిన పని, దానికి దొరికిన గుర్తింపు. బాధపడిన రోజుల గురించి అడిగితే కంపెనీ పద్ధతులు, పైవాళ్ల తీరు లాంటివి ముందుకొచ్చాయి. జీతం సరిగ్గా పడకపోతే మనిషి మానేస్తాడు, పడితే మానేయకుండా ఉంటాడు, అంతవరకు నిజమే. కానీ సాయంత్రం ఆరు దాటాక ఓటీ దాకా వెళ్లి డాక్టర్ సంతకం పెట్టించుకొచ్చేది జీతం కోసం కాదు. ఆ పని మీ డ్యూటీ కాగితంలో ఎక్కడా ఉండదు. మీ ఆసుపత్రి పోగొట్టుకుంటున్నది సరిగ్గా దాన్నే, పోగొట్టుకుంటున్నట్టు వాళ్లకు తెలియదు కూడా, ఎందుకంటే అటెండెన్స్ మెషిన్‌లో మీరు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఉన్నట్టే చూపిస్తుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది చదివాకే నాకు మా క్యాషియర్ సంగతి పూర్తిగా అర్థమైంది. ఎంఐటీ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం 2008లో అచ్చయింది. కాగితం నిండా ఇంగ్లిష్ అక్షరాలు చెల్లాచెదురుగా ఉంటాయి, అందులో రెండు 'ఎస్'లు పక్కపక్కన ఎక్కడ పడ్డాయో వెతికి గుర్తు పెట్టాలి. మొదటి కాగితానికి 55 సెంట్లు, ఆ తర్వాత ఒక్కో కాగితానికి 5 సెంట్లు తగ్గిస్తూ పోతారు, చాలనుకున్నప్పుడు మానేయొచ్చు. ఒక గుంపువాళ్లు కాగితం మీద తమ పేరు రాసి ఇస్తే, తీసుకున్నాయన పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఊ అని పక్కన పెట్టేవాడు. రెండో గుంపువాళ్లు పేరు రాసేది లేదు, ఆయన చూసేదీ లేదు, తీసుకుని దొంతరలో పెట్టేసేవాడు. మూడో గుంపు కాగితాలను వాళ్ల కళ్ల ముందే ముక్కలు చేసే మెషిన్‌లో వేసేవాడు. మొదటి గుంపు సగటున 9 కాగితాలు చేసింది. మెషిన్‌లో వేయించుకున్నవాళ్లు 6 దాటి కొంచెం. మరి చూడకుండా పక్కన పెట్టించుకున్నవాళ్లు? 7 కూడా చేయలేదు. అంటే చేసిన పనిని చింపి పారేయడానికీ, దాన్ని కన్నెత్తి చూడకపోవడానికీ మనిషి మనసులో దాదాపు తేడా లేదు. ఆ మొదటి గుంపుకు శాలువా కప్పలేదు, భలే అనలేదు. పేరు రాసుకోనిచ్చి ఒకసారి చూసి ఊ అన్నారంతే.

కాబట్టి మీకు కావలసింది పొగడ్త అని ఎవరన్నా అంటే నమ్మకండి. మీరు చేసిన షీటు మీద మీ పేరు ఉండాలంటున్నారు. అది అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం. మీరు ఐదారు విషయాలను ఒకే మూటలో కట్టేసుకున్నారు, విప్పి చూస్తే అన్నీ ఒక్క బరువు లేవు. పుట్టినరోజు సంగతి మర్చిపోవడమే అయ్యుంటుంది, హెచ్ఆర్‌లో లిస్టు మారినప్పుడు ఒక వరస జారిపోవడం ఎంత తేలికో నాకంటే ఎవరికి తెలుసు, వెళ్లి హెచ్ఆర్ అమ్మాయికి "ఈసారి నాది పోయింది, లిస్టులో ఉందో లేదో చూడు" అని చెప్పండి, అక్కడితో అయిపోతుంది. గుడ్ మార్నింగ్‌కు తలెత్తని మనిషితో దాని కోసం పోరాడకండి. అలాగని ఆయన జవాబిస్తాడా లేదా అని రోజూ పరీక్ష పెట్టుకుని రోజూ ఓడిపోవడం కూడా వద్దు, మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి, చెప్పి నడుచుకుంటూ వెళ్లిపోండి. "ఇన్సూరెన్స్" అన్న పిలుపు మాత్రం వదలకండి. ఈసారి పిలిచినప్పుడు వెళ్లి, మామూలు గొంతుతో, "సార్, నా పేరు ఇది, పేరుతో పిలవండి" అనండి. పక్కన మనుషులుంటే ఇంకా మంచిది, వాళ్లకూ వినపడుతుంది. ఒక్కసారితో మారకపోవచ్చు, మూడోసారి చెప్పేసరికి చాలామంది మారతారు. ఇందులో కోపం చూపించాల్సిన పని లేదు.

అసలు బరువున్నది మీటింగ్ సంగతి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు జరిగింది, నిజమే. కానీ ఒక్కమాట, ఆయన చేరి ఆరు నెలలు, మీరు షీటు అంటించింది పోయిన ఏడాది. ఆయన వచ్చేసరికే అవి గోడల మీద ఉన్నాయి. అవి ఎవరు చేశారో ఆయనకు తెలియకపోవడానికి అవకాశం ఉంది, తెలిసీ ఊరుకుని ఉండటానికీ అవకాశం ఉంది. రెండిట్లో ఏదో ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తేలదు, అడిగితేనే తేలుతుంది. ఎండీ గారి దగ్గరికి నేరుగా వెళ్లకండి, ముందు ఈయన దగ్గరికే వెళ్లండి, తలుపు వేసి ఉన్నప్పుడు, ఆయన రౌండ్లకు వెళ్లే హడావుడిలో లేనప్పుడు. మూడు వాక్యాలు చాలు. "సార్, మీటింగ్‌లో క్లెయిమ్‌ల గురించి ఎండీ గారు మెచ్చుకున్నారు. ఆ పని వార్డుల్లో ఉన్న షీట్ల వల్ల జరిగింది, అవి నేను పోయిన ఏడాది తయారుచేశాను. ఈసారి మీటింగ్‌లో మీరే ఆ మాట చెప్తే నాకు సంతోషంగా ఉంటుంది." అంతే, ఆపేయండి. గుడ్ మార్నింగ్ సంగతి, కేక్ సంగతి ఇందులోకి తేకండి. "మీరు ఎప్పుడూ ఇంతే" అన్న మాట నోటి చివరకు వస్తుంది, రానివ్వకండి, ఆ మాట విన్నాక ఇక ఎవరూ మిగతాది వినరు.

దాంతోపాటు ఇంకో పని మొదలుపెట్టండి. ఈ నెల నుంచి ఒక నోట్‌బుక్‌లో ఎన్ని కేసులు పంపారు, ఎన్నింటికి క్వెరీ వచ్చింది, ఏ కాగితం లేక వచ్చింది, డిశ్చార్జ్ రోజు అప్రూవల్‌కు ఎన్ని గంటలు పట్టింది, ఈ నాలుగూ రాసుకోండి. నెలాఖరుకు ఒక పేజీ చేసి, కింద మీ పేరు రాసి, మేనేజర్‌కూ ఎండీ గారికీ ఒకేసారి పంపండి, మీటింగ్‌లో ఐదు నిమిషాలు నేనే చెప్తాను అని అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. మా తరం ఆడవాళ్లకు ఇది చాలా కష్టమయ్యేది, మన పని మనమే చెప్పుకుంటే డబ్బా కొట్టుకున్నట్టుంటుందని నోరు మెదిపేవాళ్లం కాదు, చివరికి మన పని ఇంకొకరి పేరు మీద రాసుకుపోయాక ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించేవాళ్లం.

ఆయన ఆ మూడు వాక్యాలు విని "చూద్దాం" అని వదిలేసి, తర్వాత మీ పని తగ్గించడం, మెయిల్స్‌లోంచి మీ పేరు తీసేయడం, మీటింగ్‌కు పిలవకపోవడం మొదలుపెడితే మాత్రం అది మర్చిపోవడం కాదు, పొమ్మనలేక పొగబెట్టడం. అప్పుడు తేదీలతో సహా రాసిపెట్టుకోండి, ఎండీ గారిని కలవండి, వేరే ఉద్యోగం కూడా చూసుకోండి. క్లెయిమ్‌ల పని తొమ్మిదేళ్లు చేసిన మనిషి కోసం హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో ఆసుపత్రులు వెతుక్కుంటాయి. ఇది చదివే ఇంకెవరికైనా ఎదురవుతున్నది చిన్నచూపు దాటి, ఆడమనిషి అని అసభ్యంగా మాట్లాడటం దాకా వెళ్తే దాన్ని ఈ లెక్కలో వేసుకోకండి. 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా దానికి అంతర్గత కమిటీ ఉండాలి, జరిగిన 3 నెలల్లోపు రాసి ఇవ్వాలి.

ఇక ఆరు గంటల సంగతి. ఆరింటికి ఇంటికి వెళ్లడం మీ హక్కు, దానికి అసహ్యపడకండి. తొమ్మిదేళ్లు చివరి పేషెంటు దాకా ఉన్నారు, అది ఎవరూ అడగకుండా మీరు ఇచ్చినది, ఇకమీదట ఇవ్వను అనుకుంటే అనుకోవచ్చు. కానీ ఆ రోజు మీరు చేసింది వేరు. మేనేజర్ మీద కోపం తీసుకెళ్లి, ఆయన ముఖం కూడా ఎరగని ఒక ముసలాయన ఒళ్లో పెట్టారు. మా క్యాషియర్ కూడా అదే చేశారు, ఆ చిరిగిన నోటు ముసలమ్మలు నేను చేసిన తప్పుకు కట్టిన జరిమానా. ఆసుపత్రికి, మేనేజర్‌కు ఏమీ తగల్లేదు. మీరు ఇది నాకంటే ముందే కనిపెట్టారు కాబట్టే అంత బాధపడుతున్నారు. ఐదున్నరకు ఒక కాగితం మీద మిగిలిన డిశ్చార్జ్‌లు, ఒక్కోదానికి ఏం తక్కువైంది, ఎవరు చూడాలి అని రాసి నైట్ బిల్లింగ్ వాళ్లకు ఇచ్చి సంతకం తీసుకోండి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు "నేను వెళ్తున్నాను, ఫలానా ఆయన చూస్తారు, డాక్టర్ గారి సంతకం రావాలి" అని ఒక్కమాట చెప్పి లేవండి. అలా చేసి ఆరింటికి వెళ్తే మీ మీద మీకు కోపం రాదు.

ఒక విషయం అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు పంపిన ఉత్తరంలో ఎండీ గారి పేరు, మేనేజర్ పేరు, హెచ్ఆర్ అమ్మాయి పేరు అన్నీ ఉన్నాయి, నేను తీసేసి వేశాను. ఆ రాత్రి సంగతి మీకు చెప్పిన ఆమెను మాత్రం మీరు కూడా "ఫైళ్లు తెచ్చే ఆయా" అనే రాశారు. వార్డుల నుంచి ఆ కాగితాలు సమయానికి మీ డెస్క్ మీదకు చేరకపోతే మీ షీటు గోడ మీదే ఉండిపోయేది. నెలాఖరు పేజీలో ఆమె పేరు కూడా రాయండి, రాశానని ఆమెకు చూపించండి.

మేనేజర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, "టీమ్ అంతా బాగా చేశారు" అనడం మానేయండి, అది ఎవరికీ చేరదు. చప్పట్లు కొట్టించే ముందు ఇది ఎవరు చేశారు అని ఒక్కసారి అడగండి, పేర్ల కాగితాన్ని ఇంకొకరి చేత కూడా చదివించండి. నేను ఆ పని చేసి ఉంటే సరిపోయేది.

అమ్మా, మేనేజర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు ఆ మూడు వాక్యాలూ ఇంట్లో రెండుసార్లు పైకి అని చూసుకోండి, వీలైతే మీవారి ముందే అనండి, అప్పుడు ఆయనకు కూడా ఇది చిన్న విషయమో కాదో తెలుస్తుంది. అక్కడ గొంతు వణకొచ్చు. వణికితే వణకనివ్వండి, రెండో వాక్యం దగ్గర మాత్రం ఆపేయకండి, మూడోది కూడా చెప్పి రండి.